కోవిడ్ అప్పులు తీరలేదు, క్లాసులో మనసు నిలవట్లేదు. ఇది డబ్బు వల్లేనా, నా బద్ధకమేనా?

స్టీమ్‌టేబుల్:

హైదరాబాద్ శివార్లలో ఒక ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీలో మెకానికల్ అసిస్టెంట్ ప్రొఫెసర్ని. 2014లో చేరాను. కాలేజీ పేరు అడక్కండి, ఇంకా అక్కడే పని చేస్తున్నాను, ఒరిజినల్ సర్టిఫికెట్లు వాళ్ల బీరువాలో ఉన్నాయి.

పోయిన వారం జరిగింది ముందు చెప్తాను. 5వ తారీఖు, రెండో పీరియడ్, సెకండియర్ థర్మోడైనమిక్స్. బోర్డు మీద ఆవిరి లెక్క చేస్తున్నాను, పీడనం 10 బార్. జేబులో ఫోన్ రెండుసార్లు వైబ్రేట్ అయింది. తీసి చూడక్కర్లేదు, ఇంటి లోను కిస్తు బౌన్స్ అయిన మెసేజ్ ఒకటి, దానికి బ్యాంకు వేసిన చార్జీ మెసేజ్ ఇంకొకటి. మా జీతం 11కో 12కో పడుతోంది, కిస్తేమో 5నే పోవాలి. అంతే, స్టీమ్ టేబుల్లో (ఏ పీడనంలో నీళ్లు ఎన్ని డిగ్రీల దగ్గర మరుగుతాయో చూపే పట్టిక) 10 బార్ వరస చూడాల్సింది 1 బార్ వరస చూసి, 179.9 రాయాల్సిన చోట 99.6 డిగ్రీలు అని రాసి, దాన్ని పట్టుకుని పావుగంట లెక్క లాక్కెళ్లాను. మూడో బెంచీలో అమ్మాయి లేచి "సర్, అది మామూలుగా నీళ్లు మరిగే టెంపరేచర్ కదా" అంది. క్లాసులో ఒక్కరూ నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేది. ఆ టేబుల్ ఒకప్పుడు నిద్రలో లేపి అడిగినా చెప్పేవాణ్ణి.

2018లో బోడుప్పల్లో డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాట్ కొన్నాం, 28 లక్షల లోను, నెలకి 24,650 కిస్తు. నా జీతం 46,000, మా ఆవిడ ప్రైవేటు స్కూల్లో టీచరు, ఆమెకి 14,000. ఎలాగో లాగేద్దాం అనుకున్నాం. 2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టారు, ఏప్రిల్లో సగం జీతం వేశారు, తర్వాత ఏడాదికి పైగా 60 శాతమే. కోసింది మళ్లీ ఇస్తామన్నారు, ఇవ్వలేదు. మా ఆవిడ స్కూల్లో అయితే అసలు జీతమే లేదు. 2021 ఏప్రిల్ నుంచి సర్కారు ప్రైవేటు స్కూలు టీచర్లకి నెలకి 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యం ఇచ్చింది గుర్తుందా, ఆ బియ్యం మేమూ తిన్నాం. ఇప్పుడు చెప్పడానికి నామోషీ ఏం లేదు గానీ, ఆ రోజు మాత్రం లిఫ్టులో ఎవరైనా ఎదురవుతారని సంచీ భుజాన వేసుకుని మూడంతస్తులు మెట్లెక్కాను.

మారటోరియం తీసుకున్నాం, 2020 మార్చి నుంచి ఆగస్టు దాకా ఆరు నెలలు. కిస్తు ఆగుతుంది గానీ వడ్డీ ఆగదు కదా. దాదాపు 1.2 లక్షలు అసల్లో కలిసింది, ఆరు కిస్తులు ఆపుకున్నందుకు చివర్లో రెండేళ్ల పైచిలుకు కిస్తులు పెరిగాయి. పిల్లలకి లెక్కలు నేర్పేవాణ్ణి, ఈ లెక్క ముందే ఎందుకు వేసుకోలేదో నాకే అర్థం కాదు. తర్వాత 2022 మే మొదట్లో 4 శాతం ఉన్న రెపో రేటు, అంటే రిజర్వ్ బ్యాంకు బ్యాంకులకిచ్చే అప్పు మీద వడ్డీ, 2023 ఫిబ్రవరికల్లా 6.5 అయింది, దాని దెబ్బ వేరే.

2021 మేలో నాన్నకి కోవిడ్ వచ్చింది. పదకొండు రోజులు ఐసీయూ. వెంటిలేటర్‌తో ఐసీయూ అయితే రోజుకి 9,000 మించి తీసుకోకూడదని అంతకుముందు ఏడాదే ప్రభుత్వం రేటు పెట్టింది, కానీ మందులు వేరు, పీపీఈ కిట్లు వేరు అంటూ మొత్తం 6.8 లక్షలు తేలింది. నాన్న ఇంటికొచ్చారు, అది చాలు. ఆ డబ్బు మాత్రం ఇప్పటికీ తిరుగుతూనే ఉంది: మా ఆవిడ బంగారం కుదువలో, బావ దగ్గర చేబదులు రెండు లక్షలు, నష్టానికి పాడి ఎత్తుకున్న చిట్టీ, మిగతాది క్రెడిట్ కార్డు. బావ ఎప్పుడూ అడగడు. అడగడు కాబట్టే పండగలకి వాళ్లింటికి వెళ్లడం మానేశాం.

ఇప్పుడు జీతం 48,000. 2018 నుంచి పెరిగింది రెండు వేలు. మా బ్రాంచిలో 60 సీట్లకి ఈ ఏడు 19 మంది చేరారు, అందరూ కంప్యూటర్ సైన్స్ వైపే, కాబట్టి నోరెత్తితే "మీ బ్రాంచి మూసేద్దామా" అంటారు.

అసలు సంగతికి వస్తాను. అప్పట్లో నేను ఇలా లేను. ఆదివారం కూర్చుని అట్టపెట్టెలు కత్తిరించి, డ్రాయింగ్ పిన్నులు గుచ్చి ఫోర్ బార్ మెకానిజంలు (నాలుగు కడ్డీలు కలిసి కదిలే నమూనాలు) చేసి పట్టుకెళ్లేవాణ్ణి, పిల్లల చేతికిచ్చి క్రాంకు తిప్పమనేవాణ్ణి, ఏ కడ్డీ పొడుగు మారిస్తే ఏమవుతుందో వాళ్లే కనిపెట్టేవాళ్లు. ఇప్పుడు పీపీటీ పెట్టి చదివేస్తాను. 4:10కి కాలేజీ బస్సు, 3:50 నుంచే వాచీ చూసుకుంటాను. అంకితభావం గింకితభావం అని ఫ్యాకల్టీ డెవలప్‌మెంట్ ప్రోగ్రాముల్లో ఎవరైనా మాట్లాడితే ఒళ్లు మండుతోంది. ఇది డబ్బు టెన్షనేనా, లేక నేను బద్ధకం మరిగి డబ్బు మీదకి నెడుతున్నానా? అప్పులన్నీ తీరిపోతే ఆ పాత మనిషి తిరిగొస్తాడా? ఇలాంటిది దాటొచ్చినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి.

కర్రీపాయింట్_నాచారం:

అన్నా, నేను దాటొచ్చిన, కానీ కాలేజీలో ఉండి కాదు, బయటికొచ్చి. ట్రిపుల్ఈ చెప్పేవాణ్ణి. 2020 జూలైలో ఫోన్ చేసి "వచ్చే నెల నుంచి రావద్దు" అన్నరు, కాగితం కూడా లేదు. మూడు నెలలు ఇంట్లో కూర్చుని, తర్వాత మా అమ్మ, నేను కలిసి కర్రీ పాయింట్ పెట్టినం. ఇప్పుడు రోజూ పొద్దున నాలుగున్నరకి లేస్తా, నిజం చెప్పాలంటే చేతికి మిగిలేది లెక్చరర్ జీతం కన్నా ఎక్కువ. చెప్పేది మాత్రం మిస్ అవుతా. కరెంటు పోతే పక్క షాపు పిల్లగాడికి ఇన్వర్టర్ ఎట్ల పనిచేస్తదో చెప్తుంటే మా అమ్మ "సాంబారు మాడుతుంది, సారూ" అంటది.

నువ్వు అడిగిన దానికి నా జవాబు: జీతం 60 శాతం ఇచ్చినోడికి 60 శాతం పని చెయ్. తప్పేం లేదు. నూరు శాతం మనసు పెట్టి నువ్వెందుకు ఎండిపోవాలె? వాళ్లు అప్పుడు కోసింది నీ జీతం ఒక్కటే కాదు.

ఇంకో మూడు ముక్కలు, నేను దెబ్బ తిని నేర్చుకున్నవి.

పీఎఫ్ పాస్‌బుక్ తెరిచి చూడు, ఇయ్యాలే చూడు. నా జీతంలో కోసినట్టు స్లిప్పులో ఉంది, పాస్‌బుక్‌లో ఏడు నెలలు జమ లేదు. కంప్లెయింట్ పెట్టినంక కట్టిన్రు.

గ్రాట్యుటీ. టీచర్లకి రాదు అని చాలామంది మేనేజ్‌మెంట్లు ఇప్పటికీ చెప్తయి, నమ్మకు. 2009లో చట్టం మార్చి 1997 నుంచి వర్తించేటట్టు పెట్టిన్రు, దాని మీద ప్రైవేటు స్కూళ్లు కోర్టుకి పోతే 2022 ఆగస్టులో సుప్రీంకోర్టు టీచర్ల వైపే తీర్పిచ్చింది. ఐదేళ్లు దాటితే ఏడాదికి పదిహేను రోజుల జీతం, నెలని 26 రోజులుగా లెక్కేస్తరు. నీ బేసిక్, డీఏ కలిపి 26,000 అనుకో, ఏడాదికి 15,000, పదేళ్లకి లక్షా యాభై వేలు. పోయేటప్పుడు ఇయ్యాల్సిన డబ్బు అది, వాళ్ల దయ కాదు. కాకపోతే మనల్ని కార్మికులుగా లెక్కపెట్టరు, టీచరు అప్పటి పారిశ్రామిక వివాదాల చట్టం కింద వర్క్‌మన్ కాడని సుప్రీంకోర్టు 1988లోనే చెప్పింది, అందుకే తీసేస్తే లేబర్ కోర్టు మెట్లెక్కే దారి మనకి లేదు. గ్రాట్యుటీ దారి వేరు, అది ఉంది.

మూడోది, చచ్చినా లోన్ యాప్‌ల జోలికి పోకు. 2020 డిసెంబర్లో మన పోలీసులు వాళ్ల కాల్ సెంటర్ల మీద పడి పట్టుకున్నరు, అయినా పేర్లు మార్చుకుని వస్తనే ఉన్నరు. నా స్టూడెంట్ ఒకడు 5,000 తీసుకుని ఎంత కట్టిండో చెప్తే నీకు నిద్ర పట్టదు.

సర్టిఫికెట్లు అట్టిపెట్టుకునే హక్కు ఎవడికీ లేదు, అది కూడా తెలుసుకో.

తార్నాక_రిటైర్డ్:

స్టీమ్‌టేబుల్ గారూ, మీ బాధ అర్థమైంది, నాన్నగారు క్షేమంగా ఉన్నందుకు సంతోషం. కానీ ఒక మాట నిష్ఠూరంగా ఉన్నా చెప్పాలి. ముప్పై ఒక్క ఏళ్లు ఇక్కడి ప్రభుత్వ యూనివర్సిటీలో పని చేశాను. ఏడో వేతన సంఘం స్కేళ్లు వచ్చాక అసిస్టెంట్ ప్రొఫెసర్‌కి మొదటి బేసిక్కే 57,700, సీనియర్ ప్రొఫెసర్ల జీతం సంగతి మీకు తెలుసు. ఆ జీతం తీసుకుంటూ సెమిస్టర్‌కి పది క్లాసులు చెప్పని వాళ్లను నా కారిడార్‌లోనే చూశాను. గది తాళం వేసి ఉండేది, రిజిస్టర్‌లో మాత్రం సంతకం ఉండేది. డబ్బే కారణమైతే వాళ్లు అద్భుతంగా పాఠాలు చెప్పాలి కదా? అదే కారిడార్‌లో పీరియడ్‌కి ఇంతని తీసుకునే పార్ట్‌టైమ్ కుర్రాడు ఒకడు ఎండాకాలంలో ఏసీ లేని గదిలో పిల్లల్ని కూర్చోబెట్టుకుని లెక్చరర్ అర్హత పరీక్ష నెట్‌కి తయారుచేసేవాడు.

కాబట్టి జీతం పెరిగితే అంకితభావం పెరుగుతుంది అన్న సూత్రం నేను ఒప్పుకోను. 60 శాతం జీతానికి 60 శాతం పాఠం అని నాచారం మిత్రుడు అన్నది అసలే ఒప్పుకోను. మిగతా 40 శాతం పోయేది యాజమాన్యానిది కాదు, ఆ మూడో బెంచీ అమ్మాయిది.

2020లో మాకూ కోత పడింది. ప్రభుత్వోద్యోగులకు సగం జీతం ఆపారు. అప్పుడు నేను సర్వీసులోనే ఉన్నాను, కొత్తగా వచ్చిన ఆన్‌లైన్ క్లాసులు కిందా మీదా పడి నేర్చుకుని చెప్పాం, ఎవరూ మానలేదు.

ప్రశ్నాపత్రం:

సర్ వాళ్లిద్దరికీ నమస్తే. నేను మేనేజ్‌మెంట్‌లో పీహెచ్‌డీ చేస్తున్నాను, నా టాపిక్ అచ్చం ఇదే: కోవిడ్ తర్వాత కాలేజీ అధ్యాపకుల ఆర్థిక ఒత్తిడి, పని మీద అంకితభావం. రెండేళ్లుగా ఈ నగరంలో స్టాఫ్ రూముల చుట్టూ ప్రశ్నాపత్రాలు పట్టుకుని తిరుగుతున్నాను, కాబట్టి కొంచెం పొడుగ్గా రాస్తాను, ఓపిక పట్టండి.

ముందు తార్నాక సర్‌కి. సర్, మీకు ఆపిన సగం జీతం తర్వాత వాయిదాల మీద తిరిగొచ్చింది. వస్తుందని మీకు ఆ రోజే తెలుసు. స్టీమ్‌టేబుల్ సర్‌కి పోయింది పోయినట్టే. మీ కోతకీ వారి కోతకీ తేడా మొత్తంలో లేదు, రేపు ఏమవుతుందో తెలియకపోవడంలో ఉంది. జీతం ఎక్కువైతే అంకితభావం ఎక్కువవుతుందని నేనూ అనను, తాళం వేసిన గదులు నేనూ చూశాను. నేను అడిగేది వేరే: ఉన్న అంకితభావం డబ్బు గుబులు వల్ల పనిలోకి రాకుండా ఆగిపోతుందా అని.

మా రంగంలో దీన్ని కొలవడానికి ఎక్కువగా వాడేది నెదర్లాండ్స్‌లోని ఉట్రెక్ట్ యూనివర్సిటీ వాళ్లు 2002 ప్రాంతంలో చేసిన స్కేలు, 17 ప్రశ్నలు, ఒక్కోదానికి 0 నుంచి 6 దాకా మార్కులు. అది పని మీద మనసుని మూడు ముక్కలు చేసి చూస్తుంది: ఒంట్లో సత్తువ, అంకితభావం, పనిలో మునిగిపోవడం. పొద్దున లేవగానే పనికి వెళ్లాలనిపిస్తుందా అన్నది సత్తువ. నా పని మీద నాకు గౌరవం ఉందా, దానికి ఒక అర్థం కనిపిస్తుందా అన్నది అంకితభావం. గంట కొట్టింది తెలియకుండా చెప్పేస్తున్నానా అన్నది మూడోది. సర్, మీ పోస్టు నేను ఆ మూడు ప్రశ్నలతో చదివాను. మీకు పడిపోయింది మొదటిదీ మూడోదీ. రెండోది పడలేదు. పడిపోయినవాడు 99.6 రాసి ఇంటికెళ్లి హాయిగా పడుకుంటాడు, ఇక్కడికొచ్చి ఇంత పెద్ద పోస్టు రాయడు.

నాకు ఎక్కువ నచ్చిన వివరణ హాబ్‌ఫోల్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1989లో చెప్పింది. మనిషి తన దగ్గరున్నవి, అంటే డబ్బు, ఓపిక, టైము, పరువు, పోకుండా కాపాడుకోవడానికే ముందు చూస్తాడట. ఒకటి పోయిందంటే మిగిలినవి గుప్పిట్లో బిగించుకుంటాడు. తప్పనిసరైన పని చేస్తాడు, పైపని ఆపేస్తాడు. మీ అట్టపెట్టెల మెకానిజం అదే సర్, పైపని. అడిగినవాళ్లు లేరు, మానేసినా ఎవరూ ఏమీ అనరు, అందుకే ముందు దాన్నే మానేశారు. జీతం తగ్గినప్పుడు ఇంట్లో ముందు ఆగేది బియ్యం కాదు కదా, పండ్లు ఆగుతాయి. మీరు దాన్ని బద్ధకం అంటున్నారు, నాకైతే పొదుపులా కనిపిస్తోంది.

ఇంక ఆ 99.6 సంగతి. ఒడిశాలో విస్తరాకులు కుట్టే కూలీల మీద ఆర్థికవేత్తలు చేసిన ప్రయోగం ఒకటుంది. విస్తరికి ఇంత అని కూలి. పనులు దొరకని కాలం, చాలామందికి అప్పులున్నాయి. కొందరికి, వాళ్లు అప్పటికే చేసిన పని డబ్బునే, చివరి దాకా ఆపకుండా కొన్ని రోజులు ముందు చేతికిచ్చారు. ఎక్కువ ఇవ్వలేదు, ముందు ఇచ్చారు, అంతే. వాళ్లు దాంతో ముందు చేసిన పని అప్పులు తీర్చుకోవడం. ఆ తర్వాతి రోజుల్లో వాళ్లు కుట్టిన విస్తళ్లు 7 శాతం దాకా పెరిగాయి, బాగా పేదవాళ్లలో అయితే 13 శాతం దాకా. దానికన్నా నాకు ఆశ్చర్యమనిపించింది ఏంటంటే, కుట్టడంలో పొరపాట్లు తగ్గాయి. చేతులు అవే, ఆకులూ అవే. అంతకుముందు 2013లో తమిళనాడు చెరకు రైతుల మీద వచ్చిన పరిశోధన కూడా ఇలాంటిదే చెప్పింది, పంట డబ్బు రాకముందు, వచ్చాక అదే రైతుకి పరీక్ష పెడితే ముందుది తక్కువ వచ్చింది. దాని మీద వాదనలూ ఉన్నాయి, అమెరికాలో జీతం రోజుకి ముందూ వెనకా పోల్చి చూస్తే అలాంటి తేడా ఏమీ దొరకలేదు. కాబట్టి ఇది తిరుగులేని శాస్త్రం అని చెప్పను. కానీ మీ విషయంలో నేను ముందు చూసేది 48,000 అన్న అంకె కాదు సర్, 5కీ 12కీ మధ్య ఉన్న ఆ ఏడు రోజులు.

నా పరిశోధనలో లోపం కూడా నేనే చెప్పేస్తాను, లేకపోతే నా గైడ్ ఇక్కడికి కూడా వచ్చి చెప్తారు. ఇలాంటి సర్వేల్లో ఒకే కాగితం మీద మనిషి తన ఒత్తిడికీ తనే మార్కులు వేసుకుంటాడు, తన అంకితభావానికీ తనే వేసుకుంటాడు. ఒక కాలేజీలో నింపిన ప్రశ్నాపత్రాలు తీసుకుని బయటికొచ్చేలోపే ఒక సర్ పరుగెత్తుకొచ్చి "అమ్మా, నాది వెనక్కివ్వు" అని తీసుకుని, అంకితభావం దగ్గర 2లన్నీ కొట్టేసి 6లు పెట్టాడు. హెచ్ఓడీ చూస్తాడేమోనని భయం. ఆ కాగితం నా ఫైల్లో ఉంది, లెక్కలో కలపలేదు. కలపకుండా వదిలేసిన ఆ కాగితమే నా థీసిస్ మొత్తంలో నిజమైనది అనిపిస్తుంది ఒక్కోసారి.

గంటకింత:

తార్నాక సర్, మీ కారిడార్‌లో ఎండలో క్లాసులు తీసుకున్న పార్ట్‌టైమ్ కుర్రాడిని నేను కాకపోవచ్చు గానీ అలాంటివాణ్ణే. 41 ఏళ్లు వచ్చాయి, ఇంకా కుర్రాడినే. మమ్మల్ని చూపించి "వీళ్లు చూడు, డబ్బు లేకపోయినా ఎంత బాగా చెప్తారో" అనడం వినీ వినీ విసుగొచ్చింది సర్. గెస్ట్ ఫ్యాకల్టీకి లెక్చర్‌కి 1,500, నెలకి 50,000 మించకుండా ఇవ్వొచ్చని యూజీసీ 2019లో రాసింది, ఆ కాగితం మేం జిరాక్స్ తీసి దాచుకున్నాం, నా చేతికి మాత్రం ఆ రేటు ఎప్పుడూ రాలేదు. సెలవులొస్తే పీరియడ్లు లేవు, పీరియడ్ లేకపోతే డబ్బు లేదు. 2020లో మార్చి నుంచి ఆన్‌లైన్ క్లాసులు మొదలయ్యేదాకా నా ఆదాయం సున్నా. కోత కాదు, సున్నా.

బాగా చెప్తాం, నిజమే. ఎందుకో చెప్పనా? వచ్చే సెమిస్టర్ పిలుస్తారో లేదో తెలియదు కాబట్టి. దాన్ని మీరు అంకితభావం అంటారు. సగం భయం సర్ అది. మిగతా సగం నిజంగానే ఇష్టం, కాదనను, కానీ ఎంత భయమో ఎంత ఇష్టమో నాకే విడదీయడం రాదు. 2025 ఏప్రిల్లో రాష్ట్ర యూనివర్సిటీల కాంట్రాక్ట్ వాళ్లు క్లాసులు ఆపి టెంటు కింద కూర్చున్నప్పుడు నేనూ రెండు రోజులు వెళ్లాను, మూడో రోజు ట్యూషన్ పోతుందని వెళ్లలేదు.

తార్నాక_రిటైర్డ్:

గంటకింత గారూ, మీ మాట తగిలింది. ఆ కుర్రాడికి ఎంత ఇచ్చేవాళ్లో నేను ఎన్నడూ అడగలేదు, ఇప్పుడే గుర్తొచ్చింది. అయినా మూడో బెంచీ అమ్మాయి విషయంలో నా మాట మార్చుకోను.

బ్యాక్‌లాగ్_2:

నేను 2019లో చేరిన మెకానికల్ బ్యాచ్, ఇప్పుడు మేడ్చల్ దగ్గర ఒక ఫ్యాక్టరీలో క్వాలిటీలో చేస్తున్నాను. మా సర్ మీరో కాదో తెలియదు. సెకండియర్ మొత్తం ఫోన్లోనే చదివాం, సర్ వాళ్లింటి వంటగదిలోంచి చెప్పేవాళ్లు, మధ్యలో కుక్కర్ కూస్తే "ఇదిగో, ఇదే ప్రెషర్ రిలీజ్ వాల్వ్" అని కెమెరా అటు తిప్పి చూపించారు ఒకసారి. నాకు ఆ ఏడాది మొత్తంలో గుర్తున్న పాఠం అదొక్కటే. సర్ వాళ్లకి అప్పుడు సగం జీతం అని మాకు తెలియదు. తెలిస్తే ఏం చేసేవాళ్లమో కూడా తెలియదు, మా ఇంట్లోనూ ఫీజు కట్టలేదు అప్పటికి.

ఒకటి మాత్రం చెప్తా సర్. పీపీటీ చదివే రోజు మాకు తెలిసిపోతుంది. కోపం రాదు, ఫోన్ తీసుకుంటాం అంతే.

స్టీమ్‌టేబుల్:

అందరివీ రెండేసి సార్లు చదివాను. మా ఆవిడకి కూడా చదివి వినిపించాను, పండ్ల మాట దగ్గర "కరెక్టే, 2020 నుంచి మనింట్లో యాపిల్ చూడలేదు" అంది.

బ్యాక్‌లాగ్ తమ్మీ, ఆ కుక్కర్ సర్ నేను కాదు. అయ్యుంటే బాగుండేది.

మేడమ్, పొదుపు అన్నారు చూడండి, దాని మీద మూడు రోజులు ఆలోచించాను. పొదుపు చేసినవాడి దగ్గర చివరికి ఏదో ఒకటి మిగలాలి కదా, నా దగ్గర ఏం మిగిలిందో కనిపించట్లేదు. బహుశా ఆ ఓపికంతా సాయంత్రం ఇంటికొచ్చాక ఎవరికి ఎంత కట్టాలో లెక్కలేసుకోవడంలో పోతోంది. రోజూ రాత్రి ఒక పుస్తకంలో రాస్తాను, అవే నాలుగు అంకెలు, ఏమీ మారవు, అయినా రాస్తాను. తార్నాక సర్, మీరన్నదానికి నాకు కోపం రాలేదు. మీరు చెప్పకపోయినా ఆ అమ్మాయి మొహమే కళ్లముందు తిరుగుతోంది. మర్నాడు క్లాసులో తప్పు ఒప్పుకుని లెక్క మళ్లీ చేశాను, ఈసారి 10 బార్ వరస కింద స్కేలు పెట్టుకుని.

పీఎఫ్ చూశాను. నావి మొత్తం పడ్డాయి, 2020వి కూడా, ఆశ్చర్యం. కానీ జీతం మొత్తం మీద కాదు, 15,000 మీదే లెక్కేసి కోస్తున్నారు.

బ్యాంకుకి కూడా వెళ్లాను. కిస్తు తారీఖు 5 నుంచి 15కి మార్చమని అడిగితే మేనేజరు ఏమీ వింతగా చూడలేదు, దరఖాస్తు రాసివ్వమన్నాడు, వచ్చే నెల నుంచి మారుతుందట. ఐదేళ్లుగా బౌన్స్ చార్జీలు కడుతున్నాను, ఈ కాగితం ఒక్కటి రాయలేదు. ఎందుకు రాయలేదంటే, ఆ కౌంటర్ దగ్గరికి వెళ్తే పాత మారటోరియం సంగతులన్నీ తవ్వుతారని భయం. ఏమీ తవ్వలేదు.

అట్టపెట్టె దించుదామని బీరువా మీద చూశాను, లేదు. రెండేళ్ల కిందట పాత పేపర్లతో పాటు అమ్మేశానంది మా ఆవిడ.

కర్రీపాయింట్_నాచారం:

తారీఖు మారుస్తున్నవ్, మంచిగ చేసినవ్. కానీ రెండు చూసుకో అన్నా. ఆ మధ్యలో పది రోజులకి వడ్డీ విడిగా పడొచ్చు, మొదటి కిస్తులో కొంచెం ఎక్కువ పోతది, పరేషాన్ కాకు. ఇంకోటి, పాత ఆటో డెబిట్ మాండేట్ ఆపి కొత్తది పెట్టిన్రా లేదా రాతపూర్వకంగా అడుగు. నాకు మార్చినప్పుడు 5న ఒకసారి, 15న ఒకసారి కొట్టిన్రు, రెండూ బౌన్సే.

అట్టల గురించి పరేషాన్ ఎందుకు? నా దగ్గర రోజుకి పది ఖాళీ నూనె కార్టన్లు మిగులుతయి, మంచి మందం. ఆదివారం పదకొండు లోపు రా, తర్వాత గిరాకీ ఉంటది. పిన్నులు మాత్రం నువ్వే తెచ్చుకో.